ప్రొబయోటిక్ మాత్ర కొనే ముందు, కొన్న తరువాత: గోదావరి డెల్టా ఇళ్ళ కోసం ఒక సమగ్ర మార్గదర్శి

భీమవరం, ఆకివీడు, కాళ్ళ ప్రాంతాల్లో ప్రొబయోటిక్ అనే మాట తెలియని రొయ్యల రైతు ఉండడు. చెరువు నేలకు వేసేది ఒకటి, నీటికి వేసేది మరొకటి, మేతలో కలిపేది ఇంకొకటి అని అతనికి తెలుసు. డబ్బాలో ఏ బాక్టీరియా ఉంది, గ్రాముకు ఎంత ఉంది, దేనికోసం వేయాలి, ఎన్నాళ్ళకు ఒకసారి వేయాలి అని అడిగి గాని డబ్బు చేతికివ్వడు. అదే రైతు తన కడుపు ఉబ్బరంగా ఉందని మందుల షాపుకు వెళ్ళినప్పుడు మాత్రం, కడుపులో మంచి బాక్టీరియా పెరిగే మాత్రలు ఇమ్మని అడిగి, ఇచ్చినవి జేబులో వేసుకుని వచ్చేస్తాడు. చెరువు గట్టున అడిగే ఆ నాలుగు ప్రశ్నలను మందుల షాపులోనూ అడగడం ఎలాగో, వచ్చిన సమాధానాన్ని తూచడం ఎలాగో ఇక్కడ వరుసగా వివరిస్తాను. చెరువుకు వాడే పొడి మనుషులకు పనికిరాదని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

ముందుగా నిర్వచనం చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఏర్పరచిన నిపుణుల బృందం 2001లో చెప్పిన ప్రకారం, తగినంత పరిమాణంలో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రొబయోటిక్‌లు. అంటే అవి బతికి ఉండాలి, సరిపడినన్ని ఉండాలి, మేలు చేస్తాయని రుజువై ఉండాలి. అమ్మకానికి వచ్చే సరుకులో చాలా భాగం ఈ మూడో షరతు దగ్గరే తడబడుతుంది. పెరుగులోని బాక్టీరియా ముసలితనాన్ని వెనక్కి నెడుతుందని, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన, 1908లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలీ మెచ్నికాఫ్ ఊహించాడు. ఆ ఊహ రుజువు కాలేదు గాని, నూరేళ్ళు దాటినా వ్యాపార ప్రకటనలు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి.

మరొక అంకె కూడా మనసులో ఉంచుకోవాలి. ఒక మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో వెలువడిన ఒక అంచనా చెబుతోంది. అందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే నివసిస్తుంది. 500 కోట్ల జీవకణాలున్న మాత్ర వేసుకుంటే, అవి లోపల ఉన్నవాటిలో ఏడువేల అయిదువందలో వంతుకు కూడా చాలవు. పైగా ఇవి సాధారణంగా పేగులో స్థిరపడవు. దారిలో తమ పని తాము చేసి బయటకు పోతాయి, మాత్ర ఆపిన కొన్ని రోజులకో కొన్ని వారాలకో జాడ లేకుండా పోతాయి. అందువల్ల ఒక కోర్సు వాడితే పేగులు శాశ్వతంగా బాగుపడతాయన్న మాటను నమ్మనక్కరలేదు.

మొదటి మెట్టు: బాధ ఏమిటో కాగితం మీద పెట్టండి

"గ్యాస్" అన్న ఒక్క మాటలో మనవాళ్ళు పుల్లటి తేన్పులను, ఛాతీలో మంటను, పొట్ట ఉబ్బరాన్ని, మలబద్ధకాన్ని, ఒక్కొక్కసారి గుండెనొప్పిని కూడా కలిపేస్తారు. ఇవి వేర్వేరు బాధలు, వీటి కారణాలూ వేరు. కాబట్టి రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రోజూ ఏమి తిన్నారో, ఎప్పుడు తిన్నారో, ఏ బాధ ఎంతసేపు ఉందో, విరేచనం ఎన్నిసార్లు, ఏ తీరుగా అయిందో రాయండి. ఇది లేకుండా మాత్ర మొదలుపెడితే, అది పనిచేసిందో లేదో తెలుసుకునే దారి ఉండదు.

ఆ పుస్తకంలోనే మీరు వాడుతున్న మందులన్నీ రాయండి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కొందరిలో విరేచనాలు, ఉబ్బరం కలిగిస్తుంది. ఐరన్ మాత్రలు మలబద్ధకాన్ని తెస్తాయి. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ విరేచనాన్ని పలచన చేస్తుంది. మెట్‌ఫార్మిన్ వల్ల వచ్చిన విరేచనాలకు నెలల తరబడి ప్రొబయోటిక్ వాడటం కన్నా, మోతాదు గురించి డాక్టరును ఒక్కసారి అడగడం చవక, ప్రయోజనకరం. అయితే డాక్టరును అడగకుండా మధుమేహం మందును మీరే ఆపేయకూడదు.

మలంలో రక్తం పడటం, మలం తారులా నల్లగా రావడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, విడవని జ్వరం, మింగేటప్పుడు అడ్డుపడటం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, కామెర్లు, నలభై అయిదేళ్ళు దాటాక కొత్తగా మారిన విరేచనపు అలవాటు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ మార్గదర్శిని పక్కన పెట్టి ముందు డాక్టరును చూడాలి. దీర్ఘకాలపు విరేచనాలు ఎంత దూరం తీసుకుపోగలవో ఈ డెల్టాకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాలోనే స్ప్రూ వ్యాధికి, అంటే మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బుకు, పోగొట్టుకున్నారు. ఆ తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ తయారీ, టెట్రాసైక్లిన్ తరగతి యాంటిబయాటిక్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఉష్ణమండలపు స్ప్రూకు ఈనాటికీ వైద్యులు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ తరగతి మందులే. అలాంటి రోగికి ప్రొబయోటిక్ ఇచ్చి కూర్చోబెడితే కాలం వృథా అవుతుంది, మనిషి క్షీణిస్తాడు.

రెండో మెట్టు: నీటిని, కంచాన్ని సరిచూసుకోండి

ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి విరేచనాలు పట్టుకుంటుంటే, తప్పు సాధారణంగా పేగుల్లో ఉండదు, బిందెలో ఉంటుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు మంచినీటి చెరువుల మట్టం పడిపోతుంది, వానాకాలంలో గోదావరి పోటెత్తినప్పుడు లంక గ్రామాల బావులు, బోర్లు మునుగుతాయి. ఈ రెండు కాలాల్లోనూ తాగే నీటిని తెర్లేలా ఒక నిమిషం మరిగించి, చల్లార్చి, మూతపెట్టి, కాడ ఉన్న గరిటెతో ముంచుకోవడం ఏ మాత్ర కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. కలుషితమైన నీటిని తాగుతూ ప్రొబయోటిక్ వాడటంలో అర్థం లేదు.

తరువాత కంచం. పేగుల్లోని బాక్టీరియాకు ఆహారం పీచు. అది పెద్దపేగు దాకా అరగకుండా చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి, పేగు గోడ కణాలకు శక్తినిచ్చే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, చారు, వేపుడు తినే ఇంట్లో ఇది సగానికి చేరడం కూడా కష్టమే. నిజానికి ఈ సీమ వంటలో దీనికి లోటు లేదు: కంద బచ్చలి కూర, పనసపొట్టు, కూర అరటికాయ, తోటకూర, ఉలవలు, పొట్టు మినుములు, శీతాకాలంలో తేగలు. పచ్చి అరటికాయలోనూ, వండి చల్లార్చిన అన్నంలోనూ చిన్నపేగులో అరగని పిండి పదార్థం కొంత ఉంటుంది, అది కూడా పీచు చేసే పనే చేస్తుంది. అయితే పీచును ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది. వారానికి కొంచెం చొప్పున పెంచి, దానికి తగినన్ని నీళ్ళు తాగాలి. పప్పులు, ఉల్లి, వెల్లుల్లి తిన్న ప్రతిసారీ పొట్ట ఉబ్బుతోందని మీ నోటుపుస్తకం చెబితే, వాటిని కొన్నాళ్ళు తగ్గించి చూడటం సమంజసం.

ఇక పులిసిన ఆహారం. ఇందులో మనవారికి ఉన్న నమ్మకాలలో కొన్ని నిజం, కొన్ని సగం నిజం. ఇడ్లీ, దిబ్బరొట్టె, పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు పులిసిన పిండితోనే చేస్తాం గాని, ఆవిరికి, పెనం వేడికి అందులోని సూక్ష్మజీవులు చనిపోతాయి. అవి సులువుగా అరిగే మంచి ఆహారమే, కాని సజీవ బాక్టీరియా కోసం తినదగ్గవి కావు. మజ్జిగపులుసు మరిగించేది కాబట్టి దానిదీ అదే కథ. పొయ్యి మీద పెట్టకుండా తాలింపు మాత్రం వేసే మజ్జిగచారులోను, పెరుగుపచ్చడిలోను బాక్టీరియా బతికే ఉంటుంది. ఆవకాయలో ఉప్పు, కారం, నూనె ఎక్కువ, దానిని పేగుల మందుగా లెక్కించడం రక్తపోటు ఉన్నవారికి ప్రమాదకరం కూడా.

పెరుగు విషయంలో శాస్త్రం గట్టిగా నిలబడే అంశం ఒకటుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగనివారికి, పెరుగులోని సజీవ బాక్టీరియా దానిని అరిగించడంలో తోడ్పడుతుందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించింది. పాలు తాగితే పొట్ట గుడగుడలాడేవారు చాలామంది పెరుగన్నం హాయిగా తినగలగడానికి కారణమిదే. ఇంట్లో తోడుపెట్టేటప్పుడు పాలను బాగా కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, శుభ్రమైన చెంచాతో తాజా పెరుగు తోడు వేసి, కదపకుండా ఉంచాలి. వేసవిలో నాలుగైదు గంటలకే తోడుకుంటుంది, తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పులుపు అదుపులో ఉంటుంది. తోడు జిగటగా సాగుతున్నా, వాసన మారినా దానిని వదిలేసి వేరే ఇంటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి. కొన్ని ప్యాకెట్ లస్సీలను, మజ్జిగలను పులియబెట్టిన తరువాత మళ్ళీ వేడిచేసి ప్యాక్ చేస్తారు. వాటిలో బతికున్న బాక్టీరియా కోసం వెతకనక్కరలేదు.

తరవాణికి ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది. గంజిని, కడుగునీటిని కుండలో పులియబెట్టి, రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో నానబెట్టి, ఉదయం ఉల్లిపాయతోనో ఆవకాయ టెంకతోనో తిని పొలానికి వెళ్ళిన తరాలు ఈ డెల్టాలో ఉన్నాయి. దానిలో లాక్టిక్ ఆమ్లాన్ని చేసే బాక్టీరియా ఉంటుంది గాని, ఏ ఇంటి కుండలో ఏవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కించలేరు కాబట్టి, నిర్వచనం ప్రకారం దానిని ప్రొబయోటిక్ అనలేం, పులిసిన మంచి ఆహారం అనవచ్చు. చేసే తీరులో మాత్రం జాగ్రత్త తప్పదు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనకణాలు (స్పోర్లు) బతికే ఉంటాయి, అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి, మళ్ళీ వేడిచేసినా పోని విషాన్ని తయారుచేస్తాయి. అందుకని అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపే కాచి చల్లార్చిన నీటిలోగాని పుల్లటి మజ్జిగలోగాని మునిగేలా వేసి, మరునాటి ఉదయమే తినేయాలి. కుండను తరచుగా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టాలి. జిగురు, బూజు, చెడు వాసన కనిపిస్తే ఆలోచించకుండా పారబోయాలి. గర్భిణులు, పసిపిల్లలు, వ్యాధి నిరోధకత తగ్గినవారు తాజా పెరుగన్నంతో సరిపెట్టుకోవడం మేలు.

ఈ రెండు మార్పులు నెల రోజుల పాటు నిలకడగా పాటించండి. చాలా ఇళ్ళలో ఆ తరువాత మాత్ర అవసరమే రాదు.

మూడో మెట్టు: మీ బాధకు రుజువు ఉందో లేదో తెలుసుకోండి

రుజువు అన్నిటికన్నా బలంగా ఉన్నది యాంటిబయాటిక్ వాడుతుండగా వచ్చే విరేచనాల నివారణలో. పిల్లల మీద జరిగిన 33 పరీక్షలను కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో చేసిన సమీక్షలో, ప్రొబయోటిక్ తీసుకున్నవారిలో 8 శాతం మందికి, తీసుకోనివారిలో 19 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. అందులో ప్రధానంగా పనికొచ్చినవి ల్యాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్, సాక్రోమైసిస్ బౌలార్డీ అనేవి. రోజుకు 500 కోట్లు, అంతకు మించిన మోతాదులో మేలు స్పష్టంగా కనిపించింది. సాక్రోమైసిస్ బౌలార్డీ బాక్టీరియా కాదు, ఒక రకం ఈస్టు. 1920ల్లో ఇండోచైనాలో కలరా ప్రబలిన సమయంలో, లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కల కషాయం తాగినవారిని గమనించి ఆన్రీ బౌలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనిని వేరుచేశాడు. ఈస్టు కాబట్టి బాక్టీరియాను చంపే యాంటిబయాటిక్ దీనినేమీ చేయదు.

ఇక్కడొక మెలిక ఉంది. యాంటిబయాటిక్ కోర్సు ముగిశాక పేగుల్లోని సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడాన్ని, పదకొండు రకాలు కలిపిన ఒక ప్రొబయోటిక్ మిశ్రమం ఆలస్యం చేసిందని 2018లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చిన్న ప్రయోగంలో చూపించారు. కాబట్టి విరేచనాలను ఆపడానికి కోర్సు ఉన్నన్నాళ్ళూ, మరి కొద్ది రోజులూ వాడటం వేరు, "లోపల మళ్ళీ నింపుకోవడానికి" నెలల తరబడి వాడటం వేరు. మొదటిదానికి ఆధారం ఉంది, రెండోదానికి లేదు. ఇంకా ముఖ్యమైన మాట: జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటిబయాటిక్ వేసుకోకపోతే ఈ ప్రశ్నే రాదు.

నీళ్ళ విరేచనాలను ప్రొబయోటిక్ త్వరగా తగ్గిస్తుందన్న పాత నమ్మకం సడలింది. అమెరికాలోనూ కెనడాలోనూ చిన్నపిల్లల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వాటిలో ప్రొబయోటిక్ ఇచ్చిన పిల్లలు ఇవ్వనివారికన్నా త్వరగా కోలుకోలేదు. కాబట్టి బిడ్డకు విరేచనాలు మొదలైతే ముందు చేతికి రావలసింది ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి, సగం ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం తప్పు. దానితో పాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. ఈ రెండూ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఆశా కార్యకర్త దగ్గరా ఉచితంగా లభిస్తాయి. తల్లిపాలు ఆపకూడదు. కోనసీమలో కొబ్బరినీళ్ళకు కొదవ లేదు గాని, వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పైపైన తాగించవచ్చు, ఓ.ఆర్.ఎస్.కు బదులుగా మాత్రం పనికిరావు. కళ్ళు లోతుకు పోయి, మూత్రం తగ్గి, బిడ్డ మత్తుగా పడి ఉంటే ఇంట్లో ఏమీ ప్రయత్నించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనబడకుండానే కడుపునొప్పి, విరేచనపు తేడాలు విడవకుండా బాధించే స్థితి విషయంలో వైద్య సంఘాల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. అమెరికా సంఘాలు 2020, 2021 మార్గదర్శకాలలో ప్రొబయోటిక్‌ను మామూలు వాడకానికి సిఫారసు చేయలేదు. బ్రిటన్ సంఘం 2021లో, కావాలంటే 12 వారాల దాకా వాడి చూడవచ్చని, గుణం లేకపోతే ఆపేయాలని చెప్పింది. నా మొగ్గు బ్రిటన్ సలహా వైపే, ఎందుకంటే అందులో ఆపవలసిన గడువు కూడా ఉంది.

మలబద్ధకానికి పీచు, నీరు, నడక, ఇసబ్‌గోల్ ముందు. బరువు తగ్గడానికి, చర్మం మెరవడానికి, ఊరికే "రోగనిరోధక శక్తి"కి అని అమ్మేవాటి మీద డబ్బు పెట్టనక్కరలేదు.

నాలుగో మెట్టు: వాడకూడనివారిలో మీరు ఉన్నారేమో చూడండి

ఆరోగ్యవంతులకు ప్రొబయోటిక్ వల్ల పెద్ద ప్రమాదం లేదన్నది నిజం. ఆ మాట అందరికీ వర్తించదన్నది అంతకన్నా ముఖ్యమైన నిజం. తీవ్రమైన క్లోమ వాపుతో ఆసుపత్రిలో ఉన్నవారికి ప్రొబయోటిక్ ఇచ్చి చూసిన నెదర్లాండ్స్ పరీక్షలో, ఇచ్చినవారిలో 16 శాతం మంది, ఇవ్వనివారిలో 6 శాతం మంది మరణించారని 2008లో వెల్లడైంది. మేలు జరుగుతుందని ఆశించి మొదలుపెట్టిన పరీక్ష అది. కీమోథెరపీ తీసుకునేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవారు, మెడ దగ్గరి పెద్ద సిరలో గొట్టం ఉన్నవారు డాక్టరు స్పష్టంగా చెబితే తప్ప వాడకూడదు. సాక్రోమైసిస్ బౌలార్డీ రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ కలిగించిన సందర్భాలు ఎక్కువగా ఇలాంటి రోగులలోనే నమోదయ్యాయి.

నవజాత శిశువుల విషయం మరీ సున్నితం. మన పొరుగునే ఉన్న ఒడిశా గ్రామాలలో 4,556 మంది శిశువుల మీద జరిగి 2017లో ప్రచురితమైన పరీక్షలో, నిర్దిష్టమైన ఒక ల్యాక్టోబాసిల్లస్ ప్లాంటారం రకాన్ని దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి వారం రోజులు ఇస్తే, సెప్సిస్ (ఒళ్ళంతా పాకే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్), మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. అది దాదాపు నెలలు నిండి, తగిన బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న బిడ్డల మీద, పర్యవేక్షణలో జరిగిన పని. నెలలు నిండని బిడ్డలకు ప్రొబయోటిక్ ఇవ్వడంలో ప్రాణాంతక ప్రమాదం ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. ఈ రెండు సంగతులనూ కలిపి చదివితే తేలేది ఒక్కటే: పసికందుకు మందుల షాపు సలహా మీద ఒక్క చుక్క కూడా వేయకూడదు.

అయిదో మెట్టు: లేబుల్ చదవండి

మొదట పేరు చూడండి. సరైన లేబుల్ మీద పేరులో మూడు భాగాలుంటాయి. ల్యాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ జి.జి. అన్నప్పుడు చివరి "జి.జి." అన్నది స్ట్రెయిన్, అంటే ఆ సూక్ష్మజీవిలోని ప్రత్యేక ఉపరకం, గుర్తు, పరీక్షల్లో రుజువైనది ఆ స్ట్రెయినే. ఆ గుర్తు లేకుండా ఊరికే "ల్యాక్టోబాసిల్లస్" అని రాసి ఉంటే, ఏ పరీక్ష ఫలితమూ దానికి వర్తిస్తుందని చెప్పలేం. 2020లో శాస్త్రవేత్తలు ల్యాక్టోబాసిల్లస్ సమూహాన్ని విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు కనుక, అదే సూక్ష్మజీవి ఇప్పుడు కొన్ని డబ్బాల మీద ల్యాక్టికేసిబాసిల్లస్ ర్యామ్నోసస్ అని కనిపిస్తుంది, కంగారు పడనక్కరలేదు. "ల్యాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్" అని ఉంటే అది శాస్త్రీయంగా చెల్లని పాత పేరు, లోపల ఉన్నది బాసిల్లస్ కోయాగులాన్స్.

తరువాత సంఖ్య. సి.ఎఫ్.యు. అంటే బతికి ఉండి, పెరగగలిగిన కణాల లెక్క. లేబుళ్ళు బిలియన్లలో చెబుతాయి. ఒక బిలియన్ అంటే 100 కోట్లు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్లు ఉండాలి. అది అమ్మకానికి కావలసిన కనీస అర్హత, మీ బాధకు సరిపడే మోతాదు కాదు. పది రకాలు కలిపి మొత్తం అంకె ఒక్కటే ఇచ్చే డబ్బాల కన్నా, ఒకటి రెండు స్ట్రెయిన్‌లను విడివిడి అంకెలతో చూపే డబ్బాను నమ్మడం మంచిది. ఆ అంకె తయారైన రోజుదా, గడువు ముగిసే రోజుదా అన్నది కూడా చూడండి. రెండోదైతేనే మీరు వేసుకునే నాటికి అన్ని కణాలూ బతికి ఉంటాయని ఆశించవచ్చు.

చివరగా లైసెన్స్. ఆహార లైసెన్స్ కింద వచ్చే వాటి మీద పద్నాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. సంఖ్యతో పాటు, "వైద్య అవసరాలకు కాదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు హెచ్చరిక ఉంటుంది. ఆ హెచ్చరిక ఒక పక్కన, జబ్బులు నయం చేస్తామన్న బొమ్మలు మరో పక్కన ఉన్న డబ్బాను తిరిగి అలమరాలో పెట్టించండి.

ఆరో మెట్టు: కొనడం, దాచడం

వేసవిలో 40 డిగ్రీలు దాటే రాజమహేంద్రవరంలో గాని, ఏడాది పొడవునా గాలిలో తేమ ఉండే అమలాపురంలో గాని సజీవ బాక్టీరియాకు పెద్ద శత్రువులు వేడి, చెమ్మ. లేబుల్ మీద 2 నుంచి 8 డిగ్రీలని ఉంటే, షాపులో అది ఫ్రిజ్‌లోంచి వచ్చిందో, అద్దాల అలమరాలోంచి వచ్చిందో కళ్ళారా చూడండి. అలమరాలోంచి వస్తే తీసుకోవద్దు. మధ్యాహ్నపు ఎండలో బండి పెట్టెలో వేసుకుని ఊళ్ళు తిరగకుండా నేరుగా ఇంటికి తేవాలి. బాసిల్లస్ కోయాగులాన్స్, బాసిల్లస్ క్లాసీ వంటివి గట్టి పెంకు గల విత్తనకణాల రూపంలో ఉంటాయి కాబట్టి మామూలు గది వేడిని తట్టుకుంటాయి. ఫ్రిజ్ లేని ఇంటికి, తుపాను రోజుల్లో కరెంటు పోయే ఊళ్ళకు అవే అనువు. సీసాలోని చెమ్మ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకండి, మాత్రలను వేరే డబ్బాలోకి మార్చకండి.

ఏడో మెట్టు: వాడటం, లెక్క చూడటం, ఆపడం

ఒకసారి ఒక్క రకమే మొదలుపెట్టండి. లేబుల్ వేరుగా చెప్పకపోతే భోజనంతోనో, భోజనానికి అరగంట ముందో వేసుకోవచ్చు. పొడిని, విప్పిన క్యాప్సూల్‌ను వేడి పాలలో, వేడి జావలో కలిపితే బాక్టీరియా చనిపోతుంది. చల్లని నీటిలోనో, పెరుగన్నంలోనో కలపాలి. బాసిల్లస్ క్లాసీ చిన్న ప్లాస్టిక్ బుడ్డిలలో వస్తుంది. చూడటానికి ఇంజెక్షన్ మందులా ఉన్నా అది తాగేది మాత్రమే, బాగా కుదిపి తాగి, ఎట్టి పరిస్థితిలోనూ సూదితో ఎక్కించకూడదు. యాంటిబయాటిక్ మాత్రకు, బాక్టీరియా ప్రొబయోటిక్‌కు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, యాంటిబయాటిక్ మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే దీనినీ మొదలుపెట్టండి. సాక్రోమైసిస్ బౌలార్డీకి ఆ ఎడం అక్కరలేదు గాని, ఫ్లుకొనజోల్ వంటి ఫంగస్ మందులతో కలిపి వాడితే అది చచ్చిపోతుంది.

మొదటి కొద్ది రోజులు కొంచెం ఉబ్బరం ఉండవచ్చు, సాధారణంగా దానంతట అదే తగ్గుతుంది. మొదటి మెట్టులో మొదలుపెట్టిన నోటుపుస్తకాన్ని కొనసాగించి, నాలుగు వారాలు కాగానే మునుపటి పేజీలతో పోల్చండి. తేడా లేకపోతే మోతాదు పెంచడం గాని, మరో కంపెనీకి మారడం గాని చేయకుండా ఆపేయండి. కొంత తేడా ఉంటే 12 వారాల దాకా కొనసాగించి, తరువాత ఆపి చూడండి. ఆపినా బాధ తిరిగి రాకపోతే ఇక కొననక్కరలేదు. తిరిగి వస్తే ఆ పుస్తకాన్ని తీసుకుని జీర్ణకోశ వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

జ్వరం, చలి, ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి, మాత్ర అట్టను కూడా వెంటబెట్టుకుని డాక్టరును చూడాలి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, రోగి గాని ఇంటివారు గాని నేరుగా ఫోన్ చేయవచ్చు. అట్ట మీది బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, అదే సమయంలో వాడిన ఇతర మందుల పేర్లు చేతిలో ఉంచుకుని ఫోన్ చేయండి.